వాదించకుండా ఆరు వారాలు

నాకు ఈ ఉద్యోగం ఇచ్చిందే నా నోరు చూసి. నాచారం పారిశ్రామికవాడ వెనక ఒక ట్రస్టు నడిపే చిన్న దవాఖానాలో నేను కౌన్సెలర్‌ని. అంతకుముందు రామంతాపూర్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో పదేళ్లు సోషియాలజీ చెప్పి, టైం టేబుల్ దగ్గర ప్రిన్సిపాల్‌తో గొడవపడి బయటికొచ్చాను. ఇంటర్వ్యూలో ట్రస్టువాళ్లు జీతం ఎంతో చెప్పారు. తక్కువన్నాను. ఎందుకు తక్కువో ఇరవై నిమిషాలు వివరించాను. జీతం పైసా పెంచలేదు కానీ, "మాటవినని పేషెంట్లకు మీరే కరెక్టు మేడం" అని మర్నాడే చేరమన్నారు.

మా పళ్ల డాక్టరు కుర్రవాడు, కోస్తావైపు మనిషి, బంగారం లాంటి మనసు. గుట్కా నమిలి నోరు పుండు చేసుకొచ్చినవాణ్ణి కూడా "కొంచెం తగ్గించుకుంటే బావుంటుందండి" అంటాడు. ఆ పైన నా గదికి పంపిస్తాడు: "మేడం, ఒకసారి మీరు మాట్లాడండి." మాట్లాడటమంటే తిట్టడం అని ఇద్దరికీ తెలుసు. గుట్కాకొకటి, బీడీకొకటి, తంబాకుకొకటి, నా దగ్గర వేరువేరు ఉపన్యాసాలుండేవి. ఫ్యాక్టరీ షిఫ్టు దిగి వచ్చినవాళ్లు చేతులు కట్టుకుని వినేవాళ్లు. "ఇగ ముట్ట మేడం, మా పిల్లల మీద ఒట్టు" అని దండం పెట్టి వెళ్లేవాళ్లు. నా గది కిటికీలోంచి చూస్తే గేటు పక్కనున్న పాన్ డబ్బా కనిపిస్తుంది. అందుకని నా ఉపన్యాసం ఎంత పనిచేసిందో రెండు నిమిషాల్లో నాకే తెలిసిపోయేది.

అలా రెండేళ్లు గడిచాక, ట్రస్టువాళ్లు నన్ను ఉప్పల్ రింగురోడ్డు దగ్గర ఒక హాల్లో రెండు రోజుల శిక్షణకు పంపారు. మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అట. శిక్షణ ఇచ్చే పిల్లకు నా వయసులో సగం ఉంటుంది. గొంతు పాలు కాగుతున్నంత నెమ్మది. ఆమె చెప్పిందేమిటంటే, అలవాటున్న ప్రతి మనిషి లోపలా ఇద్దరుంటారు. ఒకరు మానాలంటారు, ఇంకొకరు వద్దంటారు. మనం వెళ్లి మానాలనే మనిషి తరఫున అరిచామంటే, ఎదుటివాడికి మిగిలేది వద్దనే మనిషి తరఫున మాట్లాడటమే. అందుకని మనం చెప్పకూడదు. అడగాలి, వినాలి, విన్నది తిరిగి వాళ్లకే వినిపించాలి. మానాలన్న మాట వాళ్ల నోటే రావాలి.

నేను చెయ్యెత్తాను. ఎత్తిన చెయ్యి మధ్యాహ్నం దాకా దించలేదు.

"వినడానికి మేమెందుకమ్మా, గోడలున్నాయి కదా?" అన్నాను.

"గోడ వింటున్నట్టు అనిపించదు కదండీ మేడం" అంది ఆ పిల్ల నవ్వుతూ.

"తప్పు చేస్తున్నవాణ్ణి తప్పనకపోతే వాడికెట్లా తెలుస్తుంది?"

"వాళ్లకు తెలియదని మీరు అనుకుంటున్నారన్నమాట."

నేను అన్నమాటనే నాకు తిప్పి వినిపించిందని అర్థమయ్యేసరికి టీ బ్రేక్ అయింది. ఆ తర్వాత ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి, సలహా ఇవ్వకుండా మూడు నిమిషాలు వినమన్నారు. నా ఎదురుగా కూర్చున్న మల్కాజిగిరి నర్సు తనకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదంది. నేను నలభై సెకన్లు ఆగాను. అది కూడా మొదటి ముప్పై సెకన్లు దగ్గు వచ్చి ఆగాను.

ఇంటికొచ్చి మా ఆయన మీద ప్రయత్నించాను. బీపీకి పొద్దున్నే నడవమని డాక్టరు చెప్పి ఏడాదైంది. ఆయన టీవీ ముందు మిక్చర్ తింటున్నాడు. మామూలుగా అయితే ఆ మిక్చర్ డబ్బా లాక్కుని మొదలుపెట్టేదాన్ని.

"పొద్దుగాల వాకింగ్ పోవుడు గురించి మీకేమనిపిస్తది?" అన్నాను, పాలు కాగే గొంతుతో.

ఆయన టీవీ సౌండు తగ్గించాడు. "ఏంది?"

"ఊకెనే అడుగుతున్న."

"లేవబుద్ధి కాదు."

"అంటే పొద్దుగాల లేచుడు మీకు కష్టమైతుంది."

"గదే గద నేనన్నది."

"అవును. మీరు గదే అన్నరు."

మిక్చర్ డబ్బా పక్కన పెట్టాడు. నా మొహంలోకి చూశాడు. "నీ తబియ్యత్ మంచిగున్నదా? దవాఖానల ఎవలన్న ఏమన్న అన్నరా? మీ అక్కకు ఫోన్ జెయ్యాల్నా?"

మర్నాడు ఆరింటికే వాకింగ్‌కు వెళ్లాడు. నా మాటలకు మారి వెళ్లాడో, నన్ను చూసి జడిసి వెళ్లాడో ఇప్పటికీ చెప్పడు.

ఆ సోమవారమే ఆమె వచ్చింది. నాచారం బస్టాపు దాటాక రోడ్డు వారగా గోనెపట్టా పరుచుకుని కూరగాయలమ్మే మనిషి. యాభై దాటి ఉంటాయి. భర్త పోయి చాలా ఏళ్లు. నాకు ఆమె తెలుసు. ఆమె దగ్గర బేరమాడి గెలిచినవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు, నాతో సహా. తలుపు దగ్గరే ఆగి నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వు బెండకాయల కొసలు ఇరిసి ఇరిసి సూసే మేడంవి గద?"

"అవునక్కా. రా, కూర్చో."

డాక్టరు రాసిన చీటీ చేతిలో ఉంది. ఎడమ బుగ్గ లోపల తెల్లమచ్చ. కారం తగిలితే మంట. తంబాకు పూర్తిగా మానాలి. ఆరు వారాల తర్వాత చూస్తారు. అప్పటికీ మచ్చ పోకపోతే చిన్న ముక్క కోసి, అది క్యాన్సరేమో పరీక్షకు పంపాలి. ఆమె చెవిలో పడింది ఒక్కటే మాట.

"నోరు కోస్తరట" అంది. అలా అంటున్నప్పుడు కూడా ఆ బుగ్గలో తంబాకు ఉంది.

నా ఉపన్యాసం నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగడానికి మంచినీళ్లు తాగాను.

"తంబాకు నీకేం పనికొస్తది అక్కా?" అన్నాను.

ఆమె ఆశ్చర్యపోయింది. ఇంతవరకూ అందరూ అది ఏం చెడగొడుతుందో చెప్పినవాళ్లే. "పొద్దుగాల మూడింటికి లేస్త. ట్రాలీ ఆటోల మండికి పోత. సున్నం గలిపి నలిపి దవడకు వెట్టుకున్ననంటే నిద్ర రాదు, ఆకలి గాదు. ఎవడేమన్నా కోపం గూడ రాదు."

"నిద్ర రాదు, ఆకలి కాదు, కోపం రాదు."

"నేనన్నదే మల్ల నాకు జెప్తున్నవేంది? ఎక్కిరిస్తున్నవా?"

"లేదక్కా, సరిగ్గ విన్ననా లేదా అని."

"చెవులు మంచిగనే ఉన్నయి గద నీకు!"

శిక్షణలో ఈ ప్రమాదం గురించి ఎవరూ చెప్పలేదు. మనవైపు ఒకరి మాటను ఒకరు తిరిగి అన్నారంటే అది ఎక్కిరింపే, పోట్లాటకు పిలుపే. తడబడి, శిక్షణలో ఇచ్చిన అట్ట బయటికి తీశాను. దాని మీద ఒక గీత, గీత మీద సున్నా నుంచి పది దాకా అంకెలు.

"తంబాకు మానుడు నీకు ఎంత ముఖ్యమనిపిస్తది? అసలే కాదంటే సున్నా. దానికి మించింది లేదంటే పది."

అట్టను తూకం రాయిని చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసింది. "ఆరు."

ఇక్కడ ఒక కిటుకుంది. పది ఎందుకు కాదు అని అడగకూడదు. అడిగితే మనిషి సాకులన్నీ వరసపెడతాడు. ఇంకా తక్కువ ఎందుకు చెప్పలేదు అని అడగాలి. అప్పుడు మానడానికి తనకున్న కారణాలు తనే వెతుక్కుంటాడు. చాలా సౌమ్యమైన ప్రశ్న అని చెప్పింది ఆ పిల్ల.

"ఆరా? మూడెందుకు కాదక్కా?" అన్నాను సౌమ్యంగా.

ఆమె వెన్ను నిటారుగా అయింది. కొంగు నడుముకు బిగించింది.

"ఆరంటే మూడంటవా? సగానికి సగం అడుగుతవా? అడగనీకి జర మర్యాద ఉండాలె మేడం!"

"అది కాదక్కా..."

"ఏం కాదు? పురుగువట్టిన వంకాయలనుకున్నవా? నా నోరు ఇది!"

అప్పుడు నేను చెయ్యాల్సింది, ఇది బేరం కాదమ్మా అని విడమర్చి చెప్పడం. బుద్ధిమంతులు అదే చేస్తారు. కానీ పాతికేళ్లు అంగళ్లు తిరిగిన ఒళ్లు నాది. ఆమె కళ్లలో వెలుగు చూశాను. నా నోరు నన్నడగకుండానే అనేసింది:

"పోనీ, నాలుగు."

"నాలుగా!" కుర్చీలోంచి లేచింది. "గీ నోటితోని మండిల సేట్లను నిలదీసి మాలు దెస్త. మా ఆయన పోయినంక నా ఇద్దరు బిడ్డల సదువులు, పెండ్లిలు అన్నీ గీ నోటితోనే జేసిన. గీ నోరే నాకు మొగడు, గీ నోరే నాకు కొడుకు. గిప్పుడేమైతుందో ఎరికేనా? బుగ్గల తంబాకు వెట్టుకొని బేరం జెయ్యరాదు. ఉమ్మనీకి లేవాలె. నేను ఉమ్మొచ్చేసరికి నా గిరాకి పక్కపొంటి దానికాడ కూసుంటది. అదేమో నా దిక్కు సూసి ఇకిలిస్తది! పచ్చిపులుసు తాగక రెండు నెలలైంది. మిరపకాయ వాసనొస్తె నోరు మండుతది. నాలుగంట నాలుగు!"

"ఐదు. ఆఖరి మాట."

"ఎనిమిది! ఎనిమిదికి తక్కువ లేదు. తీస్కుంటే తీస్కో, లేకుంటే నడువు!" అని బల్ల మీద చెయ్యి చరిచింది. అట్ట ఎగిరి కింద పడింది.

నా పొట్టలో ఎక్కడో నవ్వు బయల్దేరింది.

"ఏం నవ్వుతున్నవ్?"

"ఆరుకు మొదలువెట్టి ఎనిమిది జేసినవక్కా. బేరంల ఎవరన్న రేటు పెంచుకుంటరా?"

ఆమె అట్టను తీసి చూసుకుంది. వేలితో ఆరు దగ్గర, తర్వాత ఎనిమిది దగ్గర నొక్కింది. "నీ పాడుగాను!" అని మొదలైన నవ్వు దగ్గుగా మారి, బుగ్గలోని తంబాకు కొరబోయి, పరుగున వెళ్లి నా చెత్తబుట్టలో ఉమ్మింది. పక్క గదిలోంచి డాక్టరు తొంగిచూశాడు. ఇద్దరు ఆడవాళ్లం కళ్లు తుడుచుకుంటూ బల్లకు చెరోవైపు ఒరిగిపోయి ఉన్నాం. నేను మళ్లీ ఎవరినో ఏడిపించాననుకుని చప్పుడు కాకుండా తలుపేశాడు.

ఆ సాయంత్రం శిక్షణ పిల్లకు ఫోన్ చేసి చెప్పాను.

"మేడం, అది బేరం కాదండీ. మీరు అంకె తగ్గించమని ఒత్తిడి చెయ్యకూడదు. నిజంగా తెలుసుకోవాలని అడగాలి."

"నిజంగానే అడిగిన. ఎంతదాకా పోతదో తెలుసుకోవాలనే."

అవతలినుంచి దగ్గు లాంటి చప్పుడొకటి వచ్చింది. నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుని నవ్వుతోందని నా అనుమానం.

నేనైతే గాల్లో తేలుతున్నాను. జన్మంతా న్యాయమైన వైపు నిలబడి వాదించి ఎవరినీ మార్చలేకపోయిన మనిషిని, ఒక్కసారి తప్పు వైపు నిలబడేసరికి ఎదుటి మనిషి న్యాయమైన వైపుకు ఉరికింది! షేర్ ఆటోలో నాకు నేనే నవ్వుకుంటుంటే పక్కన కూర్చున్నామె సంచీ ఒళ్లోకి లాక్కుంది.

ఆ గాలి సరిగ్గా పది రోజులుంది.

మొదటి వారం ఆమె తంబాకు ముట్టలేదు. రెండో వారం వచ్చి, కుర్చీ అంచున కూర్చుని, చెల్లెలి బిడ్డ చీరల ఫంక్షన్‌లో మళ్లీ వేసుకున్నానంది. ఒకసారి కాదు, ఆ రోజు మూడుసార్లు, తర్వాత మండికి పోతూ రోజూ.

నా లోపలి పాత మనిషి ఒక్క గెంతు గెంతింది. "అంత బుద్ధిలేకుంట ఎట్ల తిన్నవక్కా? నోరు కోస్తరని భయం లేదా? ఎనిమిదని బల్ల గుద్దినవు గద!"

ఆమె ఏమీ అనలేదు. దానికే నాకు భయం వేసింది. ఆమె జవాబు చెప్పకపోవడం నేనెప్పుడూ చూడలేదు. చీటీ మడిచి బొడ్లో దోపుకుని వెళ్లిపోయింది. కిటికీలోంచి చూశాను. పాన్ డబ్బా దగ్గర ఆగింది.

ఆ తర్వాతి సోమవారం రాలేదు. ఆరు వారాల్లో మూడోది నడుస్తోంది. బుగ్గలో మచ్చ తన పని తను చేసుకుపోతూ ఉంటుంది, నా అహంకారం కోసం ఆగదు. బుధవారం సాయంత్రం డ్యూటీ దిగి ఆమె దగ్గరికే వెళ్లాను.

"ఏం గావాలె?" అంది, కొనేవాళ్లను అడిగినట్టు.

"ఏమొద్దు. మొన్న నాదే తప్పు. కూసోవచ్చా?"

చాలాసేపు టమాటాలు సర్దింది. తర్వాత ఒక సొరకాయను పక్కకు జరిపింది. ఆ ఖాళీలో, గోనెపట్టా మీద, కాటన్ చీర దుమ్ము చేసుకుంటూ కూర్చున్నాను. మొదటి పది నిమిషాలు నేను వినడం ఎలా ఉంటుందో నిజంగా నేర్చుకున్నాను, ఎందుకంటే ఆమె నాతో మాట్లాడితే కదా! కొనేవాళ్లతోనే మాట్లాడింది. వంకాయలు ముదిరాయన్న ఒక పెద్దాయనతో "మీకంటె లేతగనే ఉన్నయి తాతా" అంది. నాకు నవ్వొచ్చింది. ఓరకంట చూసింది.

తర్వాత కొనేవాళ్లకు కొనేవాళ్లకు మధ్య ముక్కలు ముక్కలుగా చెప్పింది. "ఫంక్షన్ల ఆడోళ్లమంత గుండ్రంగ కూసుంటం. తంబాకు డబ్బి తిరుగుతది. పావుకిలోనా బిడ్డా, ఇగో. పెద్దమ్మ చేతికెల్లి నా చేతికొచ్చింది. ఒక్కదాన్ని వద్దంటే ఎట్ల? పెద్దమ్మను కాదన్నట్టయితది. ఏం రోగమచ్చిందే నీకని అడుగుతరు. అందరి ముంగట నోట్ల మచ్చ అని జెప్పాల్నా? పుదీన లేదు, రేపు రా."

వద్దనొచ్చు కదా, లేచి వెళ్లొచ్చు కదా, డాక్టరు వద్దన్నాడని చెప్పొచ్చు కదా. నా దగ్గర అప్పటికప్పుడు ఏడు సలహాలు తయారయ్యాయి. నాలుక కరుచుకున్నాను. మాటవరసకు కాదు, నిజంగానే కరుచుకుని కూర్చున్నాను.

"డబ్బి వస్తే కాదనలేవు" అన్నాను. ఈసారి ఆమె ఎక్కిరింపనుకోలేదు.

"కాదనలేను."

"మండికి పోయేటప్పుడు గూడ చెయ్యి దానికే పోతది."

"బుగ్గల ఏమన్న ఉండాలె మేడం. ఖాళీ బుగ్గతోని ట్రాలీల కూసుంటే ఏదో ఇంట్ల మరిచొచ్చినట్టుంటది."

"మరి నీకేమనిపిస్తది? ఏం జేస్తే బాగుంటది?"

మెడలో కంపెనీ కార్డు వేసుకున్న పిల్ల ఒకతె వచ్చి కొత్తిమీర అడిగింది. ఈమె కట్ట విప్పి, మట్టి దులిపి, ముదురు కాడలు రెండు తుంచి ఇచ్చింది. ఆ కాడలు పారెయ్యబోయి ఆగింది. ఒకటి నోట్లో పెట్టుకుంది. నమిలి, సరిగ్గా తంబాకును తోసినట్టే నాలుకతో దవడకు తోసింది. కాసేపు ఎటో చూసింది.

"డబ్బి నాది గూడ ఉంటే?" అంది.

"అంటే?"

"నా డబ్బి నేనే తీస్త. కొత్తిమీర కాడలు కోసి, సోంపు గలిపి నింపుత. పెద్దమ్మ తియ్యకముందే నేను తీసి తిప్పుత. నన్ను కాదని ఎవతి లేస్తదో సూస్త!"

నా ఏడు సలహాల్లో ఇది లేదు. ఏడు వందల సలహాలిచ్చినా వాటిలో ఉండేది కాదు.

ఆ తర్వాతి రోజులు నాకు పండగే. నాచారంలో కొత్తిమీర కాడలు కరువయ్యాయి. ఆమె దగ్గర కొన్న కట్టలన్నీ ఉత్త ఆకులే. "కాడలేవమ్మా?" అని ఎవరైనా అడిగితే "చారుల కాడలెవరు తింటరు, నీకు మంచి జేసిన" అని వాళ్ల మీదే పడేది. ఖాళీ అయిన ఆ నోటికి పాత గొంతు వచ్చింది. బస్టాపులో దిగితే చాలు, "దొండకాయ! లేత దొండకాయ!" అని వినిపించేది. ఉమ్మడానికి లేవడం లేదు కాబట్టి పక్కనామెకు గిరాకీ తగ్గింది. ఆమె వచ్చి నాకు ఫిర్యాదు చేసింది: "మేడం, మీరేం మందిచ్చిన్రో గని, అది జర తగ్గియ్యున్రి." మూడింటి ట్రాలీలో మాత్రం ఇంకా కష్టమేనని అక్క తనే చెప్పేది. రెండుసార్లు తప్పింది కూడా. చెప్పినప్పుడు నేను ఊ కొట్టాను. ఊ కొట్టడంలో నేను ఎంత ముందుకెళ్లానో మా ఆయన్ని అడగండి.

ఆరో వారం పరీక్షకు నన్ను లోపలికి రమ్మంది. కుర్చీలో వెనక్కి వాలి నా చెయ్యి పట్టుకుంది. తూకం రాళ్లు మోసిన చెయ్యి, నా వేళ్లు నలిగిపోయాయి. డాక్టరు బుగ్గ పక్కకు లాగి లైటు వేశాడు. అద్దం పెట్టాడు. మళ్లీ లైటు సరిచేశాడు. లోకంలో మాటలు తక్కువైన డాక్టర్లందరి మీదా నాకు కోపం వచ్చింది. నోరు తెరిచి ఉంది కాబట్టి ఆమె మాట్లాడలేదు. నేనెందుకు మాట్లాడలేదో నాకే తెలియదు.

"బాగా తగ్గిందమ్మా" అన్నాడు చివరికి. "ఇదిగో, ఇక్కడ చిన్న గీతలా మిగిలింది, అంతే. ఇప్పుడు కోయనక్కర్లేదు. నెల తర్వాత మళ్లీ చూస్తాను. కానీ తంబాకు మళ్లీ మొదలుపెడితే మాత్రం..."

ఆమె చటుక్కున లేచి కూర్చుంది. "మల్ల మొదలువెడ్తనని నీకెవరు జెప్పిన్రు సారు?"

"అంటే, చాలామంది..."

"చాలామంది సంగతి చాలామందినడుగు! నా సంగతి నన్నడుగు!"

డాక్టరు అలవాటు కొద్దీ నావైపు చూశాడు. మేడం, మీరు మాట్లాడండి అని. నేను గోడకున్న పళ్ల బొమ్మను చాలా శ్రద్ధగా చూశాను.

బయటికొచ్చి, రోడ్డు దాటి, బజ్జీల బండి దగ్గర ఆగింది. నూనెలో మిరపకాయ బజ్జీలు వేగుతున్నాయి. "నాకొకటి, మేడంకొకటి" అంది. నేను వద్దనబోయాను, నెల ఆగమనబోయాను. అడగడమే మంచిదనుకుని, "తినాలనుందా?" అన్నాను.

"ఉన్నది."

పేపరు ముక్కలో వేడి బజ్జీ. కొస కొరికింది. నమిలింది. ఎడమ బుగ్గకు తోసింది, కావాలనే. కళ్లలో నీళ్లు తిరిగాయి, ముక్కు ఎర్రబడింది. నేను నీళ్ల సీసా తీశాను.

"మండుతుందా అక్కా?"

చెయ్యి అడ్డం ఊపింది. మింగింది. బండివాడివైపు తిరిగి, ఆ బస్టాపంతా వినబడేలా అడిగింది:

"ఏంది అన్నా, గింత సప్పగున్నది? మిరపకాయల కారం లేదా, నీ చేతుల కారం లేదా?"

అతను ఏదో అన్నాడు. ఈమె ఇంకేదో అంది. నా బస్సు వచ్చింది, ఆగింది, వెళ్లిపోయింది. నేను రెండో బజ్జీ తీసుకున్నాను. వాళ్లిద్దరిలో న్యాయం ఎవరివైపుందో నాకు స్పష్టంగా తెలుసు, కానీ చెప్పలేదు.